పటాలపు బిళ్ళల కాలనిర్ణయమున పనివాని ముద్రలు

కాలము తెలియని వస్తువు చరిత్రకు సాక్షి కాజాలదు. శాసనము దొరికినచో శకసంవత్సరమును, తిథివారములను చూతుము. అవి లేనిచో లిపిని, రాజనామమును, తుదనున్న చెక్కినవాని పేరును చూతుము. తాళపత్రగ్రంథమైనచో లేఖకుని గద్యమును, నాణెమైనచో టంకశాల పేరును వెదకుదుము. ఈ మూటి విషయమున మన పండితులకు గల పరిచయము సామాన్యమైనది కాదు. కాని సిపాయిల తలపాగాలకును, భుజములకును, నడికట్లకును తగిలింపబడిన ఇత్తడి, వెండి బిళ్ళలను గూర్చిన విచారణ మన భాషలో మిక్కిలి అరుదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు నిజాము రాజ్యములోనివి. ఒక శతాబ్దికి మించిన కాలములో ఈ రాజ్యమున పలువిధములైన సేనలు మెలగినవి. ఒక్కొక్క సేనకు ఒక్కొక్క చిహ్నము. ఆ చిహ్నములు పెట్టెలలోను, అటుకలమీదను, పాత ఇత్తడి దుకాణములలోను చేరినవి. వానిని చూచి కాలము చెప్పు మార్గమును వివరించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా సిద్ధాంతమును చెప్పెదము. బిళ్ళ వెనుకనుండు పనివాని ముద్ర ఆ బిళ్ళ ఏ సంవత్సరమునకు ముందు పుట్టి యుండదో చెప్పును. బిళ్ళ ముందరనున్న పటాలపు పేరు, అది ఏ సంవత్సరముల నడుమ చెల్లినదో చెప్పును. అది దొరికిన చోటు, ఎంతకాలము ఒకరి చేతిలో నుండెనో సూచించును. పుట్టిన కాలము, ధరించిన కాలము, పోగొట్టుకొనిన కాలము అను ఈ మూడును వేర్వేరు. వీనిని ఒక్కటిగా భావించుటవలననే తరచుగా పొరపాట్లు కలుగుచున్నవి.

బిళ్ళ, డవాలు, చప్రాసు

మన భాషలో ఈ వస్తువునకు పేరు లేక పోలేదు. కచేరీలో అధికారివెంట నడచు సేవకుని బిళ్ళబంట్రోతు అని తీరాంధ్రమున అనిరి. బిళ్ళను తగిలించిన అడ్డపట్టె డవాలు. అది వేసికొనినవాడు డవాలా బంట్రోతు. డవాలు అనునది తోలుపట్టెకు పారసీకమున గల పేరు. తెలంగాణమున ఈ సేవకుని చప్రాసి యనిరి. ఈ మాటకు మూలమైన చప్రాసు అను పదము, ఎడమ కుడి అను అర్థము గల చప్, రాస్త్ అను పారసీకపదములనుండి వచ్చినదని నిఘంటుకారుల మతము. మనుష్యుని పేరే అతడు ధరించిన బిళ్ళనుండి పుట్టినది గనుక, ఈ చిన్న లోహఫలకమునకు నాటి లోకమున ఎంత అధికారమున్నదో ఊహింపవచ్చును.

దీనినుండి పరిశోధకుడు మొదట గ్రహింపదగిన హెచ్చరిక యొకటి కలదు. దొరికిన ప్రతి బిళ్ళయు సైనికునిది కాదు. కచేరీల చప్రాసులు, పోలీసుల బిళ్ళలు, రైలు సేవకుల గుండీలు గ్రామములలో సిపాయిల చిహ్నములకంటె సులభముగా దొరకుట సహజము. జనగామ, మహబూబాబాదు, డోర్నకలు స్టేషనులమీదుగా పోవు రైలుమార్గము నిజాముస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అను కంపెనీది. ఆ కంపెనీ 1883లో ఏర్పడెను; 1930లో హైదరాబాదు ప్రభుత్వము దానిని కొని, పేరులోని గ్యారంటీడ్ అను మాటను తీసివేసెను; 1951లో ఆ రైల్వే మధ్యరైల్వేలో కలిసెను. కావున ఆంగ్లాక్షరములతో ఎన్.జి.ఎస్.ఆర్. అని యున్న గుండీ 1930కి పూర్వపు పేరు గలదియు, ఎన్.ఎస్.ఆర్. అని యున్నది తరువాతి పేరు గలదియు నగును. రెండును సైనికునివి మాత్రము కావు.

సిపాయికిని మన దేశమునకును గల సంబంధము మాటలోనే నిలిచియున్నది. కంపెనీవారి సేనలో మొదట చేరిన తెలుగువారినిబట్టి ఉత్తరహిందుస్థానమున సిపాయిని తిలంగా అని పిలిచిరి. దేశనామము వృత్తినామమైనది. అట్టి దేశమున సిపాయి చిహ్నముల చరిత్ర ఉపేక్షింపదగినది కాదు.

ముద్ర యెచ్చట నుండును

బిళ్ళలు మూడు విధముల తయారగును. మొదటిది రేకును ఉక్కు అచ్చుల నడుమ నుంచి యంత్రముతో ఒత్తుట. రెండవది కరగించిన లోహమును అచ్చులో పోయుట. మూడవది రేకును చేతితో కొట్టి ఉబ్బెత్తుగా చేయుట. మూడవ విధమును చూడదలచినవారు జనగామకు సమీపముననున్న పెంబర్తిలో, కంచరివారు ఇత్తడి రేకును సుత్తితోను ఉలులతోను తీర్చు పనిని చూడవచ్చును. చేతిపనిలో ఒక బిళ్ళకును మరియొక బిళ్ళకును స్వల్పభేదము తప్పక యుండును. యంత్రముతో ఒత్తినవానిలో అట్టి భేదముండదు. పనివాని పేరు చిన్న అక్షరములతో స్పష్టముగా కనబడునది సాధారణముగా యంత్రముతో ఒత్తిన బిళ్ళయే.

ముద్రకొరకు బిళ్ళను తిరుగవేసి చూడవలెను. వెనుక చదునైన భాగమున, తగిలించు చెవుల ప్రక్కన, టోపీలో దూర్చు నాలుకవంటి రేకుమీద, గుండీ అడుగున కొక్కెము చుట్టును, పతకమైనచో అంచుమీదను వెదకవలెను. చెవులు గల బిళ్ళ పాతది, నాలుక గల బిళ్ళ క్రొత్తది యని ఆంగ్లదేశపు టోపీబిళ్ళల విషయమున ఒక సూత్రము కలదు. ఏలయన 19వ శతాబ్ది చివరి సంవత్సరములలో అచ్చట నాలుక వాడుకలోనికి వచ్చినది. కాని మన దేశమున తలపాగాకు చెవులే అనుకూలములు గనుక అవి తరువాతను కొనసాగినవి. ఆ సూత్రమును ఇచ్చట గ్రుడ్డిగా అనుసరింపరాదు.

ఇత్తడి వస్తువును చింతపండుతోను, బూడిదతోను, ఇసుకతోను తోముట మన యిండ్ల ఆచారము. దేవుని సామగ్రికి ఇది తగును గాని బిళ్ళకు ఎంతమాత్రము తగదు. పనివాని పేరులోని అక్షరములు మిక్కిలి పలుచనివి. పదిసారులు తోమినచో చదువరాకుండ పోవును. మెత్తని కుంచెతో ధూళిని దులిపి, పలుచని కాగితము నుంచి పెన్సిలుతో మెల్లగా రుద్దినచో, శాసనమునకు ప్రతిబింబము తీసినట్లు ముద్రకును ప్రతిబింబము వచ్చును. అదియే పరిశోధకుల మధ్య తిరుగవలసినది. మూలవస్తువు యజమాని యింటనే యుండవచ్చును.

ముద్రల విధములు

మొదటిది కర్మాగారపు పేరు. ఇది చూచుటకు సులభమైనను ఒక్కటే చాలినది కాదు. లండనులోని ఫర్మిన్ సంస్థ తన వంశమూలమును 17వ శతాబ్దినుండి చెప్పుకొనును. కావున ఫర్మిన్ అను పేరు మాత్రము కనబడుటచేత కాలము తేలదు. ఆ పేరునకు పుత్రులు అను మాట చేరినదా, వీధి పేరున్నదా, లిమిటెడ్ అను మాటయున్నదా యని చూడవలెను. బర్మింగ్‌హాములోని జె. ఆర్. గాంట్ సంస్థయో, 19వ శతాబ్ది చివరి పాదమున వెలసినది. ఆ పేరు గల బిళ్ళ అంతకు పూర్వపుది కాజాలదు. ఒకే విధమైన రెండు పేర్లలో ఒకటి విశాలమైన అవధిని, మరియొకటి ఇరుకైన అవధిని ఇచ్చుచున్నవి. లిమిటెడ్ అను మాటకు కూడ ప్రమాణము కలదు. ఆంగ్లదేశమున సామాన్య వ్యాపారసంస్థలకు పరిమితబాధ్యతను అనుగ్రహించిన చట్టము 1855లో పుట్టెను. ఆ మాట గల ముద్ర దానికి ముందటిది కాదు.

రెండవది వెండి వన్నెముద్ర. ఇది అన్నింటిలో మేలైనది. ఆంగ్లదేశమున వెండి వస్తువును ప్రభుత్వానుమతి గల పరీక్షాశాలలో పరీక్షించి ముద్రవేయుదురు. నడచు సింహము వన్నెకు గుర్తు. అనగా వేయి పాళ్ళలో 925 పాళ్ళు వెండి. చిరుతపులి తల లండను పరీక్షాశాలకును, లంగరు 1773లో వెలసిన బర్మింగ్‌హాము పరీక్షాశాలకును గుర్తులు. వీనితోపాటు సంవత్సరమును తెలుపు ఒక అక్షరముండెడిది. లండనులో జె అను అక్షరమును విడిచి ఏ మొదలుకొని యు వరకు 20 అక్షరములు ఆ కాలమున వరుసగా ఏటేట మారెడివి. ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట మరల మొదటి అక్షరమే వచ్చెడిది గాని, అక్షరపు ఆకృతియు, దానిచుట్టునున్న డాలు ఆకారమును మారెడివి. మన ప్రభవాది సంవత్సరచక్రము 60 ఏండ్లకు మరల వచ్చునట్లే ఇదియును. ప్రభవ అనినంతనే ఏ ప్రభవయో తెలియదు. మరియొక ఆధారము కావలెను. ఇచ్చటను అంతే. అట్టి ఆధారములలో ఒకటి రాజుయొక్క గాని రాణియొక్క గాని తల. పన్ను చెల్లించినందుకు గుర్తుగా ఈ తలను 1784 మొదలు 1890 వరకు ముద్రించిరి. తల కనబడినచో వస్తువు ఆ నడుమ పుట్టినది.

మన దేశమున చేసిన వెండిపనికి ఆ కాలమున ఇట్టి ప్రభుత్వ పరీక్షాశాల లేదు. కలకత్తాలోని హామిల్టన్ కంపెనీయు, చెన్నపట్టణములోని పి. ఆర్ అండ్ సన్స్ సంస్థయు తమ పేర్లను మాత్రమే ముద్రించెడివి, సంవత్సరాక్షరము ఉండదు. అట్టి వస్తువునకు సంస్థ ఆయుఃకాలమే అవధి.

మూడవది నమూనా నమోదు గుర్తు. ఆంగ్లదేశమున ఒక నమూనాను ఇతరులు అనుకరింపకుండ నమోదు చేయు పద్ధతి యుండెను. 1842 నుండి 1883 వరకు వజ్రాకృతి గల గుర్తులో సంవత్సరమును, నెలను సూచించు అక్షరముల నుంచిరి. 1884 నుండి వరుసయంకెల నిచ్చిరి. కాని ఇది నమూనా పుట్టిన దినమును చెప్పును గాని వస్తువు పుట్టిన దినమును చెప్పదు. అదే అచ్చుతో తరువాత అనేక సంవత్సరములు బిళ్ళలు తీయవచ్చును.

నాల్గవది ప్రభుత్వ సొత్తును తెలుపు బాణపు గుర్తు. మన దేశపు ప్రభుత్వమునకు చెందినదైనచో దానితో ఐ అను ఆంగ్లాక్షరమును చేర్చిరి. ఇది వస్తువు ప్రభుత్వభాండారమునుండి వచ్చినదని తెలుపును; కొన్నివస్తువులలో దగ్గరనే సంవత్సరము కూడ నుండును.

ఐదవది సిపాయి నంబరు. దీనిని సంవత్సరముగా భ్రమింపరాదు. 1857 అను అంకె కనబడగానే ఆ సంవత్సరపు తిరుగుబాటును తలచుకొనుట ఉత్సాహమే గాని ప్రమాణము కాదు. అది ఒక సిపాయి వరుసనంబరు కావచ్చును.

పతకములకు టంకశాలయే పనివాడు. 1908లో ఏర్పడిన ఇండియా జనరల్ సర్వీసు పతకమును లండను టంకశాలయు, కలకత్తా టంకశాలయు కూడ చేసినవి. పతకమును వ్రేలాడదీయు పట్టు లండనువానిలో అలంకృతముగాను, కలకత్తావానిలో సాదాగాను ఉండును. అక్షరము లేకున్నను ఆకృతియే ముద్ర వలె పనిచేయుటకు ఇది నిదర్శనము. మరియు 1854లో ఏర్పడిన అదే పేరుగల పతకమును, పట్టీలు మాత్రము మార్చి, 1895 వరకు జరిగిన దండయాత్రలకు ఇచ్చిరి. పతకపు నమూనా వయస్సును సిపాయి సేవాకాలముగా చెప్పినచో నలువది ఏండ్ల దోషము రావచ్చును. అంచుమీదనున్న సిపాయి పేరును, పటాలపు పేరును చదివిన పిమ్మటనే మాటాడవలెను.

పటాలముల వంశావళి

మహబూబాబాదు మండలములోని బయ్యారపు చెరువు శాసనమును గణపతిదేవుని సోదరియగు మైలాంబ వేయించినది. కాకతీయుల పూర్వులను వెన్నడు మొదలుగా వరుసగా చెప్పుటయే ఆ శాసనపు ఘనత. ఆ వరుస తెలిసినందున, సంవత్సరము లేని పేరును కూడ ముందు వెనుకలు చూచి స్థానమున నిలుపగలుగుచున్నాము. పటాలముల పేర్లకును అట్టి వంశావళి కావలెను. అది యున్నగాని పనివాని ముద్రవలన పూర్తి ఫలము కలుగదు.

హైదరాబాదు అను పేరుగల సేనలు ప్రధానముగా రెండు వంశములు. ఇవి వేర్వేరు అనునది ఈ వ్యాసమున ముఖ్యాంశము.

మొదటి వంశము రస్సెల్ బ్రిగేడు. 1811 నుండి 1820 వరకు హైదరాబాదులో రెసిడెంటుగా నుండిన హెన్రీ రస్సెల్ 1813లో దీనిని కూర్చెను. 1853 ఒడంబడికతో ఇది హైదరాబాదు కంటింజెంటు అయ్యెను. దీని జీతములకై నిజాము బేరారును అప్పగించెను. అధికారులు ఆంగ్లేయులు, ఆజ్ఞ ఆంగ్లేయులది. 1903లో కంటింజెంటు అను పేరు పోయి, దళములన్నియు భారతసేనలో కలిసినవి. రిసాలాలు 20వ డెక్కన్ హార్సు, 29వ లాన్సర్లు, 30వ లాన్సర్లు అను పేర్లు పొందినవి. కాల్బలములు 94 మొదలు 99 వరకు సంఖ్యలు పొందినవి. 20వ డెక్కన్ హార్సు 1916 జూలై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధమున గుఱ్ఱములపై దాడి సలిపినది. 20వ, 29వ రిసాలాలు ఏకమై 9వ రాయల్ డెక్కన్ హార్సు అయినవి. కాల్బలములు 1922లో 19వ హైదరాబాదు రెజిమెంటు అను పేరు పొందెను. ఈ రెజిమెంటు 1945లో కుమావూన్ రెజిమెంటు అయ్యెను. దాని చిహ్నము సిలువను పట్టిన సింహము. అది హెన్రీ రస్సెల్ వంశచిహ్నమునుండి గ్రహింపబడినది. పేరు హైదరాబాదును విడిచినను చిహ్నము రస్సెల్ జ్ఞాపకమును విడువలేదు. కనుక సింహమును చూచి మాత్రము కాలము చెప్పరాదు, పేరును చదువవలెను.

రెండవ వంశము నిజాము సొంత సేన. దీనిలో ఒక భాగము 1889 తరువాత ఏర్పడిన ఇంపీరియల్ సర్వీసు పద్ధతిలో చక్రవర్తి సేవకై ప్రత్యేకింపబడెను. హైదరాబాదు ఇంపీరియల్ సర్వీసు లాన్సర్లు 1918లో పాలస్తీనాలో జోధపూరు, మైసూరు లాన్సర్లతోపాటు ఒకే బ్రిగేడులో యుద్ధము చేసిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమున నిలిచిన మూడు విగ్రహములు ఈ మూడు సంస్థానముల సేనలకు గుర్తులు. 1920ల ప్రారంభమున ఇంపీరియల్ సర్వీసు అను పేరు తొలగి, భారత సంస్థానసేనలు అను పేరు వచ్చెను. ఆ సేనలోని 1వ హైదరాబాదు ఇన్ఫంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోటబారు విమానక్షేత్రమున జపానువారి దాడి కెదురైనది. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన పోలీసుచర్య తరువాత, 18వ తేదీన జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోవుటతో ఈ వంశము ముగిసెను.

కిరీటము కూడ ఒక గుర్తు. విక్టోరియా రాణినాటి కిరీటపు ఆకృతి వేరు. 1901 తరువాత రాజుల కాలపు కిరీటము వేరు. మన దేశము 1950 జనవరి 26న గణరాజ్యమైన పిమ్మట సేనల చిహ్నములలో కిరీటమునకు బదులు అశోకుని సింహస్తంభశిరస్సు వచ్చెను.

మరియొక భ్రాంతిని ఇచ్చటనే తొలగింపవలెను. కొన్ని బొంబాయి పటాలముల చిహ్నములలో విజయనామముగా హైదరాబాదు అను మాట కనబడును. అది 1843లో సింధుదేశపు హైదరాబాదునొద్ద జరిగిన యుద్ధమునకు గుర్తు. మూసీతీరపు నగరమునకు దానితో సంబంధము లేదు.

మూడు ఉదాహరణములు

పై సూత్రముల సమన్వయము తెలియుటకు మూడు సందర్భములను ఊహించి చూతము.

వెండి బిళ్ళయొకటి యున్నదనుకొందము. ముందర హైదరాబాదు కంటింజెంటు అని ఆంగ్లాక్షరములు. వెనుక సింహము, చిరుతపులి తల, ఒక సంవత్సరాక్షరము. రాణి తల లేదు. పేరునుబట్టి ఇది 1853, 1903 సంవత్సరముల నడుమది. తల లేనందున 1890కి ముందటిది కాదు. కావున అవకాశము 1890 నుండి 1903 వరకు, అనగా 13 ఏండ్లు. లండను అక్షరచక్రము 20 ఏండ్లది గనుక ఈ 13 ఏండ్లలో ఏ అక్షరమును రెండుమారులు రాదు. అక్షరమును చదివినంతనే సంవత్సరము ఒక్కటే నిలుచును. విడివిడిగా అస్పష్టములైన మూడు సాక్ష్యములు కలిసి నిశ్చయమును కలిగించినవి.

రెండవది ఇత్తడి బిళ్ళ. ముందర 19 అను సంఖ్యయు, హైదరాబాదు అను పేరును, సిలువ పట్టిన సింహమును. వెనుక గాంట్ సంస్థ ముద్ర. ఇది కడవెండివంటి గ్రామమున దొరికినదనుకొందము. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణము కోల్పోయిన ఆ గ్రామము నాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనిది. నేడు జనగామ జిల్లాలోనిది. హైదరాబాదు అను పేరు చూచి, ఇది 1948లో నిజాము పక్షమున పోరాడిన సిపాయి బిళ్ళ యని చెప్పుటకు నోరు తొందరపడును. కాని పనివాని ముద్ర 19వ శతాబ్ది చివరి పాదమునకు ముందటిది కాదని మాత్రము చెప్పుచున్నది. పేరు 1922, 1945ల నడుమ చెల్లినదని చెప్పుచున్నది. ఆ రెజిమెంటు భారతసేనలోనిది, నిజాము సేనలోనిది కాదు. పోలీసుచర్యకు మూడేండ్లు ముందే ఆ పేరు మారినది. అట్లయిన ఆ గ్రామమునకు ఎట్లు వచ్చెను? ఆ రెజిమెంటులో పనిచేసి ఇల్లు చేరినవానిదో, పాతసామానుగా కొనబడినదో కావచ్చును. బిళ్ళ ఇంతవరకు మాత్రమే చెప్పును. అంతకుమించి చెప్పించుట పరిశోధకుని పని కాదు.

మూడవది పోతపోసిన ఇత్తడి బిళ్ళ. పనివాని ముద్ర లేదు. ఉర్దూ అక్షరములు, 1340 అను అంకె కలవు. ఇది సిపాయి నంబరు కాదని తేలినచో, ఏ సన్నో విచారింపవలెను. హిజ్రీ 1340 అనగా క్రీ.శ. 1921–22. హైదరాబాదు కచేరీలలో వాడిన ఫసలీకి 590 కలిపినచో క్రీ.శ. వచ్చును, ఆ లెక్కను ఫసలీ 1340 అనగా 1930–31. రెంటికిని 9 ఏండ్ల భేదము. అంకెప్రక్కన ఫే అను అక్షరమున్నచో ఫసలీ, హే అను అక్షరమున్నచో హిజ్రీ. అవి లేనిచో రెండు పక్షములను వ్రాసి విడువవలెను. ఈ రెండును మీర్ ఉస్మాన్ అలీఖాను కాలములోనివే గనుక రాజనామము ఇచ్చట తోడ్పడదు. ఇతరస్థలములలో మాత్రము అది తోడ్పడును. చార్మినారు గల హైదరాబాదు రూపాయలలో ద్వారము నడుమ మీమ్ అక్షరమున్నచో మీర్ మహబూబ్ అలీఖాను కాలమనియు, ఐన్ అక్షరమున్నచో 1911 తరువాత ఉస్మాన్ అలీఖాను కాలమనియు నాణెశాస్త్రజ్ఞులు నిర్ణయించుట ఇందుకు నిదర్శనము. మహబూబాబాదునకు పేరునిచ్చినది ఆ మహబూబ్ అలీఖానే.

కల్పితములను గుర్తించుట

పాతబిళ్ళలకు వెల పెరిగినకొలది కల్పితములు పెరుగును. ఇవి రెండు విధములు. పాత బిళ్ళను అచ్చుగా నుంచి పోతపోసినవి మొదటివి. లోహము చల్లారునపుడు కుదించుకొనును గనుక ఇవి మూలముకంటె కొంచెము చిన్నవి. పనివాని ముద్ర కూడ మూలముతోపాటు దిగును గాని అక్షరముల అంచులు మొద్దువారి, నడుమ సన్నని గుంటలు పడియుండును. పాత ఉక్కు అచ్చుతోనే తరువాతి కాలమున ఒత్తినవి రెండవవి. వీనిలో అక్షరములు స్ఫుటముగానే యుండును. లోహపు రంగును, బరువును, అరుగుదలను పోల్చి చూడవలెను. నిజముగా ధరింపబడిన బిళ్ళ ఉబ్బెత్తు భాగములలో ముందుగా అరుగును, పల్లములలో పాతమెరుగు మిగులును, చెవులు లోపలివైపున ఒరసికొని పలుచబడును. అంతటను సమముగా అరిగినట్లున్న బిళ్ళ శంకింపదగినది.

మరియు ముద్ర లేకుండుట దోషము కాదు. మన బజారులలో పోతపోయించి సిపాయిలకిచ్చిన బిళ్ళలు చాలవరకు ముద్ర లేనివే. ముద్ర గలది సత్యము, లేనిది అసత్యము అను నియమము ఈ దేశమునకు చెల్లదు. ఇట్లే ఈ పద్ధతికి పూర్వావధి కూడ కలదు. జనగామ ప్రాంతమున ఖిలాషాపురపు కోటను ఆశ్రయించి, 18వ శతాబ్ది తొలిదినములలో మొగలుల నెదిరించిన సర్వాయి పాపన్న కాలపు ఆయుధములకు కర్మాగారపు పేర్ల పట్టికలు ఉపకరింపవు. అవి ఆకృతినిబట్టియు, లోహమునుబట్టియు విచారింపదగినవి.

ప్రయోజనము

ఇది వేడుకకై చేయు పని కాదు. 1946 నుండి 1951 వరకు ఈ ప్రాంతమున గ్రామదళములు, నిజాము పోలీసులు, రజాకారులు, నిజాము సేన, తరువాత భారతసేన క్రమముగా సంచరించిరి. ఆ సంవత్సరముల జ్ఞాపకము ఇంకను చల్లారలేదు. ఒక యింటి పెట్టెలోని బిళ్ళను చూచి, ఆ యింటి పెద్ద ఏ పక్షమున నిలిచెనో ఊరివారు తీర్పు చెప్పుదురు. పాలస్తీనాలో యుద్ధము చేసినవాని మనుమనికి తాత రజాకారు అను మాట పడవచ్చును. కచేరీ చప్రాసి సంతతికి తాత వీరసైనికుడను కీర్తి రావచ్చును. మొదటిది అన్యాయము, రెండవది అసత్యము. పదియక్షరముల పనివాని ముద్రను సరిగా చదివినచో ఈ రెండును తప్పును. నిందకును స్తుతికిని ముందు కాలనిర్ణయము జరుగవలెను.

ఇందుకు పాఠశాలల పండితులు చేయదగిన సహాయము గొప్పది. 2016లో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినందున గ్రామములు పాత వరంగల్లు, నల్లగొండ, ఖమ్మము, కరీంనగరు జిల్లాలనుండి చేరినవి. కావున వస్తువు దొరికిన గ్రామపు పేరుతో పాత తాలూకా పేరును తప్పక వ్రాయవలెను. పిమ్మట కొలత, తూనిక, లోహము, ముందరి అక్షరములు, వెనుకటి ముద్ర, తగిలించు విధము, ఇంటివారు చెప్పిన మాట అను ఏడంశములను వేర్వేరుగా నమోదు చేయవలెను. ఇంటివారి మాటను ముద్రతో కలిపి వ్రాయరాదు. రెండును రెండు సాక్ష్యములు. ఘనపురములోని కోటగుళ్ళ శిథిలములను చూడబోవు విద్యార్థులకు రాతిమీది గుర్తులను చదువుట నేర్పు గురువులే, ఇంటిలోని ఇత్తడిమీది గుర్తులను చదువుట కూడ నేర్పగలరు.

పూర్వావధి పనివానిది, నడిమికాలము పటాలముది, ఉత్తరావధి నేలది. ఈ మూటిని వేరుచేసి చదివి, పిమ్మట కలిపి చెప్పుటయే ఈ విద్యయొక్క సారము. మండలములందలి విద్వాంసులు తమ కంటబడిన ముద్రల ప్రతిబింబములను సేకరించి, ఇందలి సూత్రములను పరీక్షింతురుగాక.